రాజునకు దండధరుఁ డెవఁడు? — కైసరు విచారణకథ

మనుధర్మశాస్త్రము ఎనిమిదవ యధ్యాయమున రాజులఁ గూర్చి యొక విధి కలదు. ఏ యపరాధమునకు సామాన్యునకు నొక కార్షాపణము దండమో, యా యపరాధమునే రాజు చేసెనేని వేయి కార్షాపణములు చెల్లింపవలయునని దాని తాత్పర్యము. విధి స్పష్టముగనే యున్నది. కాని యా వేయి కార్షాపణములను రాజునొద్ద వసూలు చేయువాఁ డెవఁడు? తొమ్మిదవ యధ్యాయమున వరుణుఁడు రాజులకు దండధరుఁడని చెప్పఁబడినది. దానిని బట్టి వ్యాఖ్యాతలు, రాజు తన దండధనమును దానే నీటఁ బాఱవేయుటయో, బ్రాహ్మణుల కిచ్చుటయో చేయవలయునని వ్రాసిరి. అనఁగా నపరాధియు, దండము గైకొనువాఁడును నొక్కఁడే యైనాఁడు. రాజు దండ్యుఁడే యని చెప్పుటకు శాస్త్రకారుఁడు వెఱవలేదు. దండించు చేయి యెచ్చట నున్నదో చూపుటకు మాత్రము భూలోకమును విడిచి జలాధిపతికడకుఁ బోవలసివచ్చెను.

1919వ సంవత్సరమునఁ బారిసు నగరమునఁ జేరిన విజేతలకును నీ చిక్కే యెదురయ్యెను. ఓడిపోయిన జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మును న్యాయస్థానమున నిలువఁబెట్టి విచారింపవలయునని వారు సంకల్పించి, సంధిపత్రమున 227వ నిబంధనగా దానిని వ్రాసిరి. చక్రవర్తి పదవి నలంకరించిన యొకనిని నానారాజ్యములు గూడి యొక వ్రాఁతలోఁ బేరు పెట్టి యభియుక్తునిగాఁ జేయుట యదియే మొదలు. నెపోలియనును 1815లో వియన్నా మహాసభవారు ధర్మబాహ్యునిగాఁ బ్రకటించి సెంటు హెలీనాదీవికిఁ బంపిరి గాని, విచారణ యను మాటయే తలపెట్టలేదు. కైసరు విచారణ జరుగలేదు. హాలెండువా రతనిని దాఁచి న్యాయమును గుంటుపఱచిరని పలువురు చెప్పుదురు. సంధిపత్రమునందలి పదములను, హాలెండువారి ప్రత్యుత్తరములను బ్రక్కప్రక్కన నుంచి చదివినచో నా నింద సగమే నిలుచునని నాకుఁ దోఁచుచున్నది. ఆ హేతువులను జూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

1918 నవంబరు 9వ తేదీని బెర్లినులోఁ బ్రధానమంత్రి మాక్సు రాకుమారుఁడు చక్రవర్తి సింహాసనమును వదలుకొనెనని ప్రకటించెను. అప్పటికిఁ గైసరు బెల్జియములోని స్పా పట్టణమున సేనానివేశమం దుండెను. వదలుకొనుటకు సమ్మతించియే యుండలేదు. మఱునాఁటి యుదయమున నతఁడు సరిహద్దు దాఁటి హాలెండులోని ఐస్డెను గ్రామమును జేరెను. అచటినుండి బెంటింకు ప్రభువుయొక్క అమెరోంగెను కోటలో నతిథియై దిగెను. పదవీత్యాగపత్రముపైఁ జేవ్రాలు చేసినది 28వ తేదీని, ఆ కోటలోనే. శరణార్థిగా వచ్చిననాఁ డతఁడు చక్రవర్తియా, కాఁడా యన్న ప్రశ్నకు న్యాయవాదు లిప్పటికిని రెండు విధముల సమాధానము చెప్పవచ్చును.

విచారణ మాట మొదట నెత్తిన ప్రముఖులలో కర్జను ప్రభువొకఁడు. 1905లో వంగదేశమును విభజించిన రాజప్రతినిధిగా మనవారికిఁ బరిచితుఁడైన యతఁ డీ విషయమై ఫ్రాన్సు ప్రధాని క్లెమాన్సోతో నాలోచించి, యింగ్లండు ప్రధాని లాయిడ్ జార్జిని బ్రోత్సహించెను. క్లెమాన్సో పారిసు విశ్వవిద్యాలయమునందలి లార్నోడు, లాప్రదెల్ అను ధర్మశాస్త్రాచార్యులచే నభిప్రాయము వ్రాయించెను; లండనులో ఎఫ్. ఇ. స్మిత్తు విచారణకు సమ్మతిపూర్వకముగా సలహా యిచ్చెను. ఆస్ట్రేలియా ప్రధాని హ్యూసు మాత్రము, యుద్ధము చేసినాఁడను కారణమున నొకనిపై నేరము మోపుట కే శాసనము కలదని సామ్రాజ్య యుద్ధమంత్రిసభలో నడ్డుపడెను. హ్యూసు జర్మనీపై దయగలవాఁడు కాఁడు. జర్మనీచే యుద్ధవ్యయమంతయుఁ గక్కింపవలయునని పట్టుపట్టినవారిలో నగ్రేసరుఁడు. అట్టివాని నోటినుండి వచ్చుటచేతనే యీ యాక్షేపణకు విలువ హెచ్చు. కాని 1918 డిసెంబరు ఎన్నికలలోఁ గైసరును ఉరిదీయవలయునన్న కేక యింగ్లండంతటను జెలరేఁగఁగా శాస్త్రచర్చ వినువారు తక్కువైరి. మన దేశమునఁ గైసరు పేరు పల్లెలవఱకుఁ బ్రాఁకినదని చెప్పుట కొక కారణము కలదు: 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ‘ఎండెను’ నౌక చెన్నపట్టణముపై గుండ్లు గురిపించినది. నాఁడు తెలుగుజిల్లాలకును ముఖ్యపట్టణ మదియే గదా!

1919 జనవరి 25వ తేదీని శాంతిసభవారు యుద్ధకారకుల బాధ్యతను విచారించుటకుఁ బదునైదుగురు సభ్యులతో నొక సంఘమును నియమించిరి. దాని కధ్యక్షుఁడు అమెరికా విదేశాంగమంత్రి రాబర్టు లాన్సింగు. మార్చి 29వ తేదీని సమర్పింపఁబడిన నివేదికను జాగ్రత్తగాఁ జదువవలయును. ఏలయన నందున్నదానికిని, సంధిపత్రమునఁ జేరినదానికిని నడుమ నొక వింత వైపరీత్య మున్నది. యుద్ధమును బ్రారంభించుట, బెల్జియము తటస్థతను భంగించుట యను వానిని నేరములుగాఁ గొని న్యాయస్థానమున విచారింపఁదగదని సంఘము చెప్పినది. అప్పటి ధర్మశాస్త్రమున వానికి శిక్ష లేదు గనుక వానిని గంభీరముగా ఖండించిన మాత్రము చాలునన్నది. యుద్ధనియమముల నుల్లంఘించి బందీలను, నిరాయుధులను హింసించినవారిని మాత్రము, రాజ్యాధిపతులతోఁ గూడ, యున్నతన్యాయస్థానమున విచారింపవలయునన్నది. ఈ రెండవ సలహాకే లాన్సింగును, నతని సహచరుఁడు స్కాటును నసమ్మతి తెలిపిరి. రాజ్యాధిపతి తన ప్రజలకే యుత్తరవాది గాని పరులకుఁ గాఁడనియు, ‘మానవతాధర్మము’ అనుదానికి నిశ్చితమైన కొలమానము లేదనియు వారి వాదము. జపాను ప్రతినిధులును రాజ్యాధిపతులను విచారించుట కంగీకరింపలేదు. ఈ రెండు రాజ్యముల పేళ్లను బాఠకులు గుర్తుంచుకొందురు గాక. ఇరువదియేడేండ్ల పిదప వీనితోఁ బని పడును.

ఏప్రిలు నెలలో నీ వివాదమును దీర్చుటకై యధ్యక్షుఁడు విల్సను స్వయముగా నొక చిత్తు వ్రాసెను. అదియే 227వ నిబంధన యైనది. అందుఁ గైసరుపై మోపఁబడిన దోషము అంతర్జాతీయ నీతికిని, సంధుల పవిత్రతకును విరుద్ధమైన మహాపరాధము. ధర్మశాస్త్రమన్న పదము లేదు. నీతియను పదము కలదు. హింసింపఁబడిన బందీలు లేరు, ముంచివేయఁబడిన వైద్యనౌకలు లేవు; భంగింపఁబడిన సంధిపత్రములు మాత్రమున్నవి. అనఁగా దేనిని విచారింపవలదని సంఘము చెప్పెనో దానినే విచారింప నిశ్చయించి, దేనిని విచారింపవలయునని చెప్పెనో దానిని గైసరు విషయమున విడిచిరి. అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ, జపానులు తలకొక న్యాయాధిపతిని నియమించును. ఆ యైదుగురు నంతర్జాతీయ రాజనీతియొక్క యున్నతాశయములచే నడుపఁబడుదురు. శిక్ష యెంతయో వారే నిర్ణయింతురు. అభియోగము చేయువారే న్యాయాధిపతులను నియమింపఁగా, శాసనమునకు మాఱు రాజనీతి వారికి మార్గదర్శి కాఁగా, శిక్షకుఁ బరిమితియే లేకపోఁగా, దీనిని న్యాయస్థానమనుట కష్టము. అయినను నీ చిత్తులో నొక గొప్ప మాట యున్నది. కిరీటము కవచము కాదని యందఱును జేవ్రాలు చేసిరి. లోకమున నట్టి వ్రాఁత యంతకుముందు లేదు.

ఆ చేవ్రాళ్లలో హిందూదేశము పేరనున్నవి రెండు. 1919 జూను 28వ తేదీని వర్సెయిల్సులో మన దేశము పక్షమున మాంటేగును, బికనీరు మహారాజు గంగాసింగును సంతకము చేసిరి. దానికి రెండున్నర నెలలకు ముందు, ఏప్రిలు 13వ తేదీని, అమృతసరమున జలియనువాలాబాగులో సైనికులు నిరాయుధులపై గుండ్లు పేల్చియుండిరి. చక్రవర్తినైనను దండింపవచ్చునన్న పత్రముపై మన పేరును, ఒక దండనాయకుని కృత్యమును విచారించు శక్తి మనకు లేకుండుటయు నొక్క ఋతువులోనే సంభవించినవి.

సంధికి ముందే తొందరపడినవారు కొంద ఱుండిరి. 1919 జనవరిలో అమెరికా సైన్యమునందలి లూకు లీ అను కర్నలు—ఇతఁడు మునుపు అక్కడి సెనేటు సభ్యుఁడు—కొందఱు సహచరులతో మోటారుబండ్లలో హాలెండు చొచ్చి, రాత్రివేళ అమెరోంగెను కోట తలుపు దట్టెను. కైసరును బారిసునకుఁ గొనిపోయి క్రొత్తసంవత్సరపు కానుకగా నప్పగింప వలయునని వారి యూహ. ప్రభువు కుమారుఁడు వారిని మర్యాదగాఁ గూర్చుండఁబెట్టి, మీ రే యధికారమున వచ్చితిరని యడుగఁగా వారు చెప్పలేకపోయిరి. కైసరు మేడ దిగిరాలేదు. ఇంతలో డచ్చి సైనికులు కోటను జుట్టుకొనుచుండఁగా వారు మరలిపోయిరి. పోవుచు నొకఁడు బల్లమీఁది చుట్టబూడిదపళ్లెమును జేఁబట్టుకొనిపోయెను. సైన్యాధికారులు విచారణ జరిపి మందలించి విడిచిరి. కైసరు విషయమై జరిగిన విచారణ యిదియొక్కటే యని హాస్యమాడినను దప్పు లేదు.

సంధి 1920 జనవరి 10వ తేదీని అమలులోనికి వచ్చెను. కొలఁది దినములలోనే మిత్రరాజ్యములు కైసరు నప్పగింపుమని హాలెండును గోరిరి. ఆ నెల ముగియకముందే హాలెండు ప్రభుత్వము నిరాకరించెను. ఫిబ్రవరిలో మరలఁ గోరిరి. మార్చిలో మరల నిరాకరించెను. ఈ ప్రత్యుత్తరములు చదువఁదగినవి. తాము సంధిలోఁ జేరినవారము కాము గనుక 227వ నిబంధన తమ్ము బంధింపదనియు, పరాజితులకు నాశ్రయమిచ్చుట తమ దేశమునందుఁ దరతరముల యాచారమనియు, తమ చట్టములలో నీ నేరమునకుఁ బేరు లేదనియు డచ్చివారు చెప్పిరి. శరణాగతరక్షణ మనఁగానే మనకు శిబి చక్రవర్తి గుర్తునకు వచ్చును. కాని యచట శరణుచొచ్చినది పావురము, ఇచట డేగ! ఆశ్రయమను మాటలో వారి స్వప్రయోజనమును గొంత కలదు. యుద్ధకాలమునఁ దటస్థులై యుండి యిరుగుపొరుగులలో బలవంతుఁడైన జర్మనుతో భావికాలమున గాఁపురము చేయవలసినవారు గదా. నేను పైనఁ జెప్పిన నిందలో నిలుచు సగ మిదియే.

నిలువని సగము వారి తక్కిన వాక్యములో నున్నది. భవిష్యత్కాలమున నానాజాతిసమితి యొక యంతర్జాతీయ న్యాయస్థానమును నెలకొల్పి, యే కృత్యములు నేరములో ముందుగా శాసనమువలన నిర్ణయించి, పిదపఁ జేయఁబడిన యట్టి కృత్యములను విచారించుట కేర్పాటు చేసెనేని, హాలెండు దానిలోఁ జేరుటకు సిద్ధముగా నుండునని వారు వ్రాసిరి. శాసనము ముందు, నేరము తరువాత, న్యాయస్థానము పక్షపాతము లేనిది: ఇంతకుమించి వా రడిగినది లేదు. ఇది తప్పించుకొనువాని మాటయే యైనను, తప్పించుకొనువాఁడును నొకప్పుడు నిజము చెప్పవచ్చును. 1920 మార్చిలోనే రాజాజ్ఞవలనఁ గైసరు నివాసమును యూట్రెక్టు మండలములోని యొక చిన్న ప్రదేశమునకుఁ బరిమితము చేసిరి. మే నెలలో నతఁడు తాను గొనిన డూర్ను భవనమునఁ బ్రవేశించెను. అచట నతని ముఖ్యవ్యాపారము కట్టెలు గొట్టుట. మిత్రరాజ్యములును లోలోన నూఱటఁ జెందిరనుటకు సందేహము లేదు. విచారణ లండనులో జరుగునని లాయిడ్ జార్జి 1919 జూలైలోఁ బ్రకటింపఁగా, విక్టోరియారాణి మనుమఁడైన ముద్దాయికి మేనమామ కుమారుఁడైన ఐదవ జార్జి చక్రవర్తి కది రుచింపలేదు.

పెద్దవాఁ డిట్లు మిగులఁగాఁ జిన్నవారిగతి యే మయ్యెను? మిత్రరాజ్యములు మొదట నెనిమిదివందలకుఁ బైఁగా జర్మనుల పేళ్లు వ్రాసి యిచ్చిరి. ఆ పట్టికలో సేనాపతి హిండెన్‌బర్గును, యువరాజును నుండిరి. జర్మనీ యొప్పుకొనకపోఁగా 45 పేళ్లకుఁ దగ్గించి, జర్మనుల న్యాయస్థానముననే విచారింప సమ్మతించిరి. 1921లో లైప్‌జిగు నగరమునఁ బండ్రెండుగురు విచారింపఁబడిరి. ఆర్గురకు శిక్ష పడెను. ‘లాండవరీ కాసిలు’ అను వైద్యనౌకను ముంచి, పడవలలోఁ దప్పించుకొనఁజూచినవారిపై గుండ్లు పేల్చిన విషయమున నిద్దఱు చిన్నయధికారులకు నాలుగేండ్ల కారాగారము విధింపఁబడెను. ఆజ్ఞ యిచ్చిన నాయకుఁడు దొరకలేదు; ఆ యిద్దఱును గొలఁదికాలములోఁ జెఱనుండి తప్పించుకొనిరి. తురుష్కరాజ్యపు కథ యింతకంటె విషాదకరము. 1915 మే 24వ తేదీని ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యాలు ఆర్మీనియనుల సంహారమును మానవజాతికిని, నాగరకతకును విరుద్ధమైన నేరముగాఁ బేర్కొని, తురుష్కమంత్రులు స్వయముగా నుత్తరవాదులని ప్రకటించియుండిరి. ముఖ్యుఁడైన తలాత్ పాషా బెర్లినునకుఁ బాఱిపోయెను. 1921లో నొక యార్మీనియను యువకుఁ డతనిని వీధిలోఁ గాల్చి చంపఁగా, బెర్లిను జూరీవారు హంతను నిర్దోషిగా విడిచిరి. న్యాయస్థానము తలుపు మూసియున్నచోఁ దుపాకి తలుపు తెఱచుకొనును.

1945 ఆగస్టు 8వ తేదీనాఁటి లండను శాసనముతో నూరెంబర్గు న్యాయస్థానము ఏర్పడెను. దాని 7వ నిబంధనలో, ముద్దాయి రాజ్యాధిపతి యైనను, రాజ్యోద్యోగి యైనను నా పదవి యతనిని బాధ్యతనుండి విడిపింపదని విస్పష్టముగా వ్రాయఁబడెను. హిట్లరు ఏప్రిలులోనే యాత్మహత్య చేసికొనియుండెను. అతని వెనుక కొలఁదిదినములు రాజ్యాధిపతి యైన డోనిట్సు పదియేండ్ల కారాగారశిక్ష నొందెను. అదియును నావికాదళకృత్యములకే గాని యాధిపత్యమునకుఁ గాదు. ఇంక 1946లోఁ డోకియో న్యాయస్థానమునకై వ్రాసిన శాసనమును జూతము. దాని 6వ నిబంధన నూరెంబర్గుది చూచి వ్రాసినదే. కాని పాఠభేద మొకటి కలదు: ‘రాజ్యాధిపతి’ యను పద మెగిరిపోయినది; అధికారపదవి యని మాత్రమున్నది. తాళపత్రప్రతులను సరిచూచు మన పండితు లిట్టి లోపమును గన్న వెంటనే లేఖకప్రమాదమా, బుద్ధిపూర్వకమా యని యడుగుదురు. 1946 జనవరిలో సేనాపతి మెకార్థరు తన ప్రభుత్వమునకు, జపాను చక్రవర్తిని ముద్దాయిని జేసినచో నా దేశమును నిలుపుటకుఁ గనీసము పదిలక్షల సైన్యము కావలయునని తంతి నిచ్చియుండెను. హిరోహిటో ముద్దాయి కాలేదు, సాక్షియును గాలేదు. 1919లో రాజ్యాధిపతులను విచారింపఁగూడదన్న రెండు రాజ్యములు నిట్లు మరల నొక్కమాటపైఁ గలసినవి. ఈ మాఱు ఒకటి విజేత, రెండవది విజితము.

ఆ లోపమును గప్పిపుచ్చుట కష్టమైనది. 1947 డిసెంబరు 31వ తేదీని మాజీ ప్రధాని టోజో సాక్ష్యమిచ్చుచు, జపాను ప్రజ యెవ్వఁడును జక్రవర్తి యభిమతమునకు విరుద్ధముగా వర్తింపఁడని పలికెను. దాని యర్థము గ్రహించి యభియోగపక్షమువారే కలవరపడిరి. వారముదినములలో నతఁడు మాట సవరించుకొనెను. 1948 డిసెంబరు 23వ తేదీని టోజోతోఁ గూడ నేడ్గురు ఉరిదీయఁబడిరి. అధ్యక్షన్యాయాధిపతి వెబ్బును, ఫ్రాన్సు న్యాయాధిపతి బెర్నారును జక్రవర్తి యచట లేకుండుటను దమ తమ ప్రత్యేకాభిప్రాయములలో నెత్తి చూపిరి. మన దేశమునుండి వెళ్లిన న్యాయాధిపతి రాధావినోదపాలు ముద్దాయిలనందఱను విడువవలయునని వ్రాసెను. జపాను సైనికుల క్రౌర్యము నతఁడు కాదనలేదు. కృత్యము జరిగిననాఁటికి లేని శాసనముతో దండించుట న్యాయము కాదన్నాఁడు. లాన్సింగు 1919లోఁ జెప్పిన మాటకును, డచ్చివారు 1920లో వ్రాసిన మాటకును నిది చుట్టమే. ఆయన నిర్ణయముతో నే నేకీభవింపను. బందీలను జంపుట 1907నాఁటి హేగు నియమములప్రకారమే నేరము, దానికిఁ గ్రొత్తశాసన మక్కఱలేదు. కాని యాయన ప్రశ్నను విడిచి ముందునకుఁ బోవుటకు వీలులేదు.

ముందుగా శాసనము వ్రాయుట కర్ధశతాబ్దము పట్టెను. 1998 జూలై 17వ తేదీని రోమునగరమున నంగీకరింపఁబడిన శాసనమునకు 120 రాజ్యములు సమ్మతి యిచ్చెను, ఏడు వ్యతిరేకించెను, 21 రాజ్యములు, హిందూదేశముతోఁ గూడ, తటస్థముగా నుండెను. టోకియోలో నెగిరిపోయిన ‘రాజ్యాధిపతి’ పదము దీని 27వ నిబంధనలో మరలఁ బ్రవేశించినది. 2002 జూలై 1వ తేదీకిఁ బూర్వపు కృత్యములను విచారింపఁగూడదన్న నియమమును గలదు. న్యాయస్థానము హేగునగరమున నున్నది. అనఁగా హాలెండు 1920లోఁ గోరిన ముందుశాసనమును, న్యాయస్థానమును హాలెండులోనే వెలసినవి.

కాని శరణమిచ్చువాని ప్రశ్న తీఱలేదు. లైబీరియా యధ్యక్షుఁడు చార్లెసు టేలరు పదవిలో నుండఁగనే సియెర్రా లియోను ప్రత్యేకన్యాయస్థాన మతనిపై మోపిన యభియోగము 2003 జూనులో వెల్లడి యయ్యెను. ఆగస్టులోఁ బదవి విడిచి యతఁడు నైజీరియాలోని కాలబారు పట్టణమున నాశ్రయము పొందెను. అది యతని అమెరోంగెను. లైబీరియాలో యుద్ధ మాఁగుటకు నీ యాశ్రయమే మూల్యమని నైజీరియా చెప్పినది. ఆ వాదమును దేలికగాఁ ద్రోసివేయరాదు. 2006 మార్చిలో మాత్రము, లైబీరియా క్రొత్త ప్రభుత్వము గోరఁగా, నా యాశ్రయము చెల్లిపోయెను. విచారణ భద్రతకొఱకు హేగునకు మార్పఁబడి, 2012లో నతనికి 50 ఏండ్ల కారాగారశిక్ష పడెను. సెర్బియా నాయకుఁడు మిలొషెవిచ్చును హేగునకుఁ జేర్చిన దినము 2001 జూను 28. వర్సెయిల్సు సంధి తేదీయు నదియే. అతఁడు తీర్పు రాకముందే 2006లో మృతి చెందెను. ఇతర స్థలములలోఁ దలుపులు తెఱచుకొనలేదు. సూడాను యధ్యక్షుఁడు బషీరు 2015లో దక్షిణాఫ్రికాకును, రష్యా యధ్యక్షుఁడు పుతిను 2024లో మంగోలియాకును, ఇజ్రాయెలు ప్రధాని నెతన్యాహు 2025లో హంగరీకిని వాఱంటులు మీఁదనుండఁగనే యతిథులై పోయి మరలి వచ్చిరి. ఆతిథ్యమిచ్చిన మూఁడు రాజ్యములు నప్పటికి రోము శాసనమునకు బద్ధములే. 1920నాఁటి హాలెండు, నేను సంధిలోఁ జేరలేదని చెప్పఁగలిగినది. వీరి కా మాటయు లేదు. దానికి మాఱుగా 2025 మార్చిలో ఫిలిప్పీనుల మాజీ యధ్యక్షుఁడు దుతెర్తెను స్వదేశప్రభుత్వమే పట్టి హేగునకుఁ బంపెను.

కైసరు డూర్ను భవనమున నిరువదియొక సంవత్సరము లుండి 1941 జూను 4వ తేదీని మరణించెను. అప్పటికి హాలెండు జర్మనుల వశమైయుండెను. అతని వాకిట జర్మను సైనికులు కావలి యుండిరి. జర్మనీలో రాచఱికము మరల నెలకొనువఱకుఁ దన దేహమును గొనిపోవలదని యతఁడు కోరినందున సమాధి డూర్నులోనే కట్టఁబడెను. 1945లో హాలెండు ప్రభుత్వ మా భవనమును శత్రువుయొక్క యాస్తియని స్వాధీనము చేసికొనెను. పట్టి యీయమన్న యతిథి దేహము నేఁటికిని దాని తోఁటలో నున్నది. భవనము ప్రదర్శనశాల యైనది.